లాగిన్: ఒక కొయ్యముక్క పూర్వకథ

ఆంగ్ల భాషలో ఒక క్రియ పక్కన లోపల, బయట, పైన, కింద వంటి అర్థాలిచ్చే చిన్న మాట వచ్చి చేరి, ఆ రెండింటి విడి అర్థాలతో నేరుగా పొంతన లేని మూడో అర్థాన్ని పుట్టించే పద్ధతి ఒకటుంది. ఇటువంటి జంటలకు ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ ప్రచురించిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ గ్రంథం ద్వారా ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరును తనకు సూచించినవాడు నిఘంటుకారుడు హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ అందులోనే చెప్పుకున్నాడు. తెలుగువారి నోట నలిగిన చెకప్, మేకప్, పికప్, టేకాఫ్, లాకౌట్ వంటి మాటలన్నీ ఈ కోవకు చెందినవే గాని, అవి తెలుగులోకి క్రియలుగా కాక నామాలుగా వచ్చి, ‘చేయు’, ‘అగు’ వంటి తెలుగు క్రియల సాయంతో వాక్యంలో నిలబడ్డాయి. వీటిలో అన్నిటికంటే ఆలస్యంగా వచ్చి, అన్నిటికంటే వేగంగా పల్లెపట్టులకు కూడా చేరిన మాట లాగిన్.

ఈ మాటకు తెలుగులో అర్థం చెప్పవలసి వచ్చినప్పుడు సాధారణంగా ‘ప్రవేశించడం’ అంటారు. తాళం వేసిన గది, దానికి కాపలా, సంకేతపదం చెప్పినవారికే తెరుచుకునే తలుపు అనే ఊహ ఈ అనువాదం వెనుక ఉంది. అయితే ఆంగ్ల పదంలో తలుపూ లేదు, గదీ లేదు. అందులోని ‘లాగ్’ మొదట మొద్దుకట్టె, తరువాత ఓడ వేగాన్ని కొలిచే కొయ్యముక్క, ఆ తరువాత ఆ కొలతలు రాసుకునే పుస్తకం. ‘ఇన్’ అనే మాట సూచించేది ఆ పుస్తకంలోకి అన్న అర్థాన్ని. కాబట్టి లాగిన్ కావడమంటే లోపలికి అడుగుపెట్టడం కంటే ముందుగా, ఫలానా మనిషి ఫలానా వేళకు వచ్చాడని పద్దులో ఎక్కడం. ఈ తేడా చిన్నదిగా కనిపించినా, నాలుగు శతాబ్దాలకు పైబడిన ఒక అలవాటు చరిత్ర ఇందులో ఇమిడి ఉంది.

లాగ్ అనే మాట మధ్యయుగాల ఆంగ్లంలో నరికి పడేసిన బరువైన మొద్దుకు పేరు. గణితంలో అదే పొట్టి పేరుతో పిలిచే లాగరిథమ్‌కు దీనితో చుట్టరికం లేదు. అది జాన్ నేపియర్ గ్రీకు మాటలను కలిపి కల్పించి 1614లో లోకానికి అందించిన పదం. పదిహేడో శతాబ్దపు నావికుడికి మాత్రం రెండూ అవసరమయ్యాయి: ఓడ వెనుక నీటిలో విసరడానికి ఒక లాగ్, గదిలో కూర్చుని దారి లెక్క కట్టడానికి మరొకటి.

తీరం కనిపించనంత దూరం వెళ్లిన ఓడకు తానెక్కడ ఉన్నదీ తెలుసుకోవడం ప్రాణాలతో ముడిపడిన పని. భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన, ఎంత దక్షిణాన ఉన్నదీ మధ్యాహ్న సూర్యుని ఎత్తును బట్టో ధ్రువనక్షత్రం ఎత్తును బట్టో తెలుసుకోవచ్చు గాని, తూర్పు పడమరల దూరాన్ని ఆకాశాన్ని చూసి చెప్పగల పద్ధతి పద్దెనిమిదో శతాబ్దం రెండో సగం వరకు ఆచరణలోకి రాలేదు. అంతవరకు నావికులకు మిగిలిన ఆధారం ఒక్కటే: దిక్సూచి చూపిన దిక్కు, ఓడ వేగం, గడిచిన కాలం అనే మూడింటినీ కలిపి, నిన్నటి చోటు నుంచి ఈరోజు చోటును లెక్కగట్టడం. దిక్కును దిక్సూచి చెబుతుంది, కాలాన్ని ఇసుక గడియారం చెబుతుంది. వేగాన్ని చెప్పేదేదీ లేక చాలాకాలం అనుభవజ్ఞుల కంటిచూపు మీదే ఆధారపడవలసి వచ్చింది. ఓడ ముందుకొన దగ్గర ఒక చెక్కపేడును నీటిలో వేసి, అది వెనుకకొనను దాటేలోగా ఎంత కాలం పట్టిందో చూసి వేగాన్ని అంచనా వేసే పద్ధతి కూడా ఉండేది.

ఆ పేడుకు తాడు కట్టడంతో అంచనా కొలతగా మారింది. ఈ సాధనాన్ని మొదటిసారి అచ్చులో వర్ణించినవాడు ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున ఉన్న గ్రేవ్‌సెండ్ పట్టణంలో పూటకూళ్ల ఇల్లు నడుపుతూ, ఫిరంగి విద్యలోనూ ప్రవేశం సంపాదించిన విలియం బోర్న్. ఆయన గ్రంథం ‘ఎ రెజిమెంట్ ఫర్ ద సీ’ 1574లో వెలువడింది. విశ్వవిద్యాలయ పండితుడు కాని మనిషి, లాటిన్‌లో గాక సామాన్య నావికులకు అర్థమయ్యే ఆంగ్లంలో రాసినందువల్లనే ఆ పద్ధతి మనకు లిఖితంగా దక్కిందన్న సంగతి గుర్తుంచుకోదగ్గది.

తరువాతి కాలంలో స్థిరపడిన రూపంలో ఈ లాగ్ మొద్దులా ఉండదు. వృత్తంలో నాలుగో వంతు ఆకారంలో కోసిన పలుచని పలక అది. దాని గుండ్రని అంచుకు సీసం బిగించడం వల్ల నీటిలో నిట్టనిలువుగా తేలి, ఓడతోపాటు ఈడ్చుకుపోకుండా వేసిన చోటనే నిలబడేందుకు ప్రయత్నిస్తుంది. పలక మూడు మూలల నుంచి వచ్చే మూడు పాయలు ఒక తాడుకు కలుస్తాయి. వాటిలో ఒక పాయను మాత్రం చిన్న మేకుతో తగిలిస్తారు. కొలత పూర్తయ్యాక తాడును గట్టిగా గుంజితే ఆ మేకు ఊడిపోయి, పలక నీటి మీద వెల్లకిలా పడి, తేలికగా వెనక్కి వస్తుంది. తాడు నిడివిలో సమాన దూరాలకు ముడులు వేసి ఉంటాయి. ఈ పనికి ముగ్గురు కావాలి. ఒకడు తాడు చుట్టిన రీలును తలపైకెత్తి పట్టుకుంటాడు. రెండోవాడు చేతిలో ఇసుక గడియారంతో నిలబడతాడు. మూడోవాడు పలకను నీటిలోకి వదిలి, ఓడ కుదిపిన నీటి సుడులను దాటేంత దూరం తాడు పోయాక, అక్కడ గుర్తుగా కట్టిన గుడ్డపీలిక చేతికి తగలగానే కేక వేస్తాడు. ఆ కేకతో గడియారం తిరగబడుతుంది. ఇసుక అయిపోగానే మరో కేక, తాడు ఆగిపోతుంది. చేతిలోంచి జారిపోయిన ముడులెన్నో అదే ఆ గంటకు ఓడ వేగం. ముడికి ఆంగ్లంలో ఉన్న ‘నాట్’ అనే పేరే వేగపు కొలతకు పేరైంది. విశాఖపట్నంలోని తుపాను హెచ్చరికల కేంద్రం నుంచి వెలువడే ప్రకటనల్లో గాలి వేగం నాట్లలో కనిపించినప్పుడల్లా, తెలుగు తీరపు ప్రజలు చదువుతున్నది ఆ తాడు మీది ముడుల లెక్కనే.

ముడికీ ముడికీ మధ్య ఎంత ఎడం ఉండాలన్న ప్రశ్న మొదట చూసినంత సులువైనది కాదు. దాని వెనుక, భూమి ఎంత పెద్దది అన్న ప్రశ్న ఉంది. నాటికల్ మైలు అంటే భూమి చుట్టుకొలతను అక్షాంశాల లెక్కన విభజించగా వచ్చిన ఒక డిగ్రీలో అరవయ్యో వంతు. డిగ్రీ పొడవు తప్పయితే మైలూ తప్పు, మైలు తప్పయితే ముడీ తప్పు. పాత ఆంగ్ల నావికులు మైలును 5,000 అడుగులుగా తీసుకుని, 30 సెకన్ల గడియారానికి 42 అడుగుల చొప్పున, అంటే ఏడు బారల చొప్పున ముడులు వేసేవారు. (తెలుగు బార, ఆంగ్ల ఫాథమ్ ఒకే కొలత, రెండు చేతులూ చాచినప్పుడు వేళ్ల కొసల మధ్య దూరం.) రిచర్డ్ నార్వుడ్ అనే గణితవేత్త 1633, 1635 సంవత్సరాలలో లండన్‌లోనూ యార్క్‌లోనూ సూర్యుని ఎత్తును కొలిచి, ఆ రెండు నగరాల మధ్య దూరాన్ని కొంతవరకు గొలుసుతో, కొంతవరకు అడుగులు వేసి లెక్కించి, డిగ్రీ పొడవు 367,196 అడుగులని తేల్చాడు. 1637లో వచ్చిన ఆయన గ్రంథం ‘ద సీమన్స్ ప్రాక్టీస్’ ప్రకారం ముడుల ఎడం 51 అడుగులు ఉండాలి. నేడు స్థిరపడిన విలువతో పోలిస్తే ఈ ఫలితంలోని తేడా నూటికి ఒక వంతుకు మించదు. రోడ్డు మీద నడుస్తూ సాధించిన ఖచ్చితత్వంగా దాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

అయినా నావికులు పాత తాడును వెంటనే వదిలిపెట్టలేదు. ముడులు దగ్గరగా ఉన్న తాడు ఓడ వేగాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపుతుంది. అందువల్ల లెక్క ప్రకారం తీరం ఇంకా రాకముందే వచ్చినట్టు తోచి, కాపలావాళ్లు ముందుగానే జాగ్రత్తపడతారు. లెక్క వెనుకబడి, చీకట్లో రాళ్ల మీదికి పోవడం కంటే లెక్క ముందుండడమే మేలని వారి వాదం. చివరకు 28 సెకన్ల గడియారానికి 47 అడుగుల 3 అంగుళాల ఎడం అనే జత ఎక్కువగా స్థిరపడింది. నాటికల్ మైలు 1,852 మీటర్లని 1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ జలపటాల సమావేశం నిర్ణయించింది.

ఈ కొలతలో మరో లోపం ఉంది: కొయ్య తేలుతున్న నీరే కదులుతుంటే ఆ కదలిక తాడుకు తెలియదు. కోరమండల్ తీరం వెంట ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి సాగుతుంది. ఒకే ఓడ, ఒకే తాడు, ఒకే ముడుల లెక్క ఉన్నా, చైత్రంలో చేరే చోటు వేరు, కార్తికంలో చేరే చోటు వేరు. ఆ సంగతి కొయ్య చెప్పలేదు. గతంలో ఆ దారిన వెళ్లినవారు రాసిపెట్టిన మాటలే చెప్పగలవు. కొలత ఒక్కటే చాలక, రాత అవసరమైన చోటు ఇదే.

రాత మొదట పుస్తకంలో జరగలేదు. చదువురాని చుక్కానిదారులు కూడా వాడగలిగేలా, దిక్సూచిలోని ముప్పైరెండు దిక్కులకూ ఎనిమిదేసి రంధ్రాలు పెట్టిన ఒక పలక ఉండేది. నాలుగు గంటల కాపలాలో ప్రతి అరగంటకూ ఓడ సాగిన దిక్కున ఒక పుల్ల గుచ్చేవారు. తెలుగునాట గడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలైతే, ఓడ మీద గడియ అరగంటది. ఇసుక గడియారం తిరగబడిన ప్రతిసారీ గంట మోగేది. దీని పక్కనే నల్లరంగు పూసిన మరో చెక్క, లాగ్‌బోర్డు, ఉండేది. దాని మీద గంట, ముడులు, బారలు, దిక్కు, గాలి, విశేషాలు అనే గళ్లలో సుద్దముక్కతో రాసుకుంటూ పోయి, మధ్యాహ్నం సూర్యుని చూసిన తరువాత దాన్నంతా పుస్తకంలోకి ఎత్తి రాసి, చెక్కను తుడిచివేసేవారు. తెలుగు వర్తకుల లెక్కల్లో అప్పటికప్పుడు రాసుకునే చిట్టాకూ, దానినుంచి సవరించి ఎక్కించే ఆవర్జాకూ ఉన్న సంబంధమే ఈ చెక్కకూ పుస్తకానికీ ఉంది. కొయ్యముక్క పేరు మొదట చెక్కకు, తరువాత పుస్తకానికి ఈ విధంగా సంక్రమించింది. పుస్తకంలో వేగంతోపాటు గాలి, వాన, మరణాలు, శిక్షలు, ఎదురైన ఓడలు అన్నీ చేరాక కూడా పేరు కొయ్యదే నిలిచింది. పంచాంగపు రోజు సూర్యోదయంతో మొదలైనట్టు, ఓడ రోజు మధ్యాహ్నంతో మొదలయ్యేది. బ్రిటిష్ నౌకాదళం 1805లో గాని అర్ధరాత్రితో మొదలయ్యే రోజుకు మారలేదు. పాత లాగ్ పుస్తకాలలోని తేదీలను నేటి తేదీలతో పోల్చేవారు ఈ సగం రోజు తేడాను మరిచిపోతే చరిత్రే తప్పుతుంది.

తెలుగు తీరానికీ ఈ రాతకూ సంబంధం పాతదే. ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ పంపిన ‘గ్లోబ్’ అనే ఓడ 1611లో నేటి నిజాంపట్నమైన పేటపోలికీ, అక్కడి నుంచి మచిలీపట్నానికీ వచ్చింది. అందులో వచ్చిన వర్తకుడు పీటర్ ఫ్లోరిస్ రాసుకున్న దినచర్య నేటికీ నిలిచి ఉంది. అది ఓడ నడక లెక్క కంటే ఎక్కువగా వర్తకపు లెక్క. కంపెనీ ఓడలు నడిపిన అధికారులు మాత్రం ప్రయాణం ముగిశాక తమ లాగ్ పుస్తకాలను లండన్‌లోని కంపెనీ కార్యాలయానికి అప్పగించవలసి ఉండేది. అవి వేల సంఖ్యలో ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మచిలీపట్నం దగ్గర సముద్రం లోతు తక్కువ కావడంతో పెద్ద ఓడలు తీరానికి కొన్ని మైళ్ల దూరంలోనే లంగరు వేసి, సరుకును చిన్న పడవలలో దించేవి. లంగరు వేసిన చోటి లోతు బారలలోనూ, అడుగున ఉన్నది బురదో ఇసుకో అన్న వివరంతోనూ ఆ పుస్తకాలకు ఎక్కేది.

ఆ పుస్తకాల నుంచి తెలుగు తీరానికి అందిన అతి పెద్ద ప్రయోజనం వర్తకానికి సంబంధించినది కాదు. గౌతమీ గోదావరి ముఖద్వారం దగ్గర, కాకినాడకు చేరువలో ఉన్న కోరంగి, ఓడలు కట్టడానికీ మరమ్మతు చేయడానికీ పేరుపొందిన రేవు. 1789 డిసెంబరులో తుపానుతోపాటు ఒకదాని వెనుక ఒకటిగా వచ్చిన మూడు మహా అలలు ఆ ఊరిని ముంచివేశాయి. 1839 నవంబరులో మరో ఉప్పెన వచ్చింది. సరిగ్గా ఆ సంవత్సరమే కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ నావికుడు, బంగాళాఖాతంలోని తుపానుల మీద వ్యాసాలు వెలువరించడం మొదలుపెట్టాడు. ఆయన పద్ధతి సూటియైనది: ఒకే తుపానులో చిక్కిన వేర్వేరు ఓడల లాగ్ పుస్తకాలను సేకరించడం, ఒకే వేళకు ఏ ఓడ ఎక్కడ ఉందో, దానికి గాలి ఏ దిక్కు నుంచి వీచిందో పటం మీద గీతలుగా వేయడం. ఏ ఓడ కెప్టెన్‌కూ తన చుట్టూ వీచిన గాలి తప్ప మరేదీ కనిపించలేదు. అందరి పుస్తకాలూ ఒక బల్ల మీద చేరినప్పుడు ఆ గాలులన్నీ ఒక కేంద్రం చుట్టూ తిరుగుతున్నాయని కనిపించింది. అమెరికాలో విలియం రెడ్‌ఫీల్డ్, బ్రిటన్‌లో విలియం రీడ్ అంతకుముందే ఈ దారి తొక్కారు గాని, బంగాళాఖాతానికి ఆ పని పట్టుదలగా చేసినవాడు పిడింగ్టన్.

ఆయన పరిశీలించిన వాటిలో ‘చార్లెస్ హెడిల్’ అనే ఓడ లాగ్ ప్రసిద్ధమైనది. 1845 ఫిబ్రవరిలో మారిషస్ దగ్గర తుపానులో చిక్కిన ఆ ఓడ, గాలికి ఎదురు నిలవలేక గాలివాలున పరుగెత్తుతూ రోజుల తరబడి మళ్లీ మళ్లీ గుండ్రంగా తిరిగింది. దాని పుస్తకంలో గంటగంటకూ రాసిన దిక్కులను వరుసగా గీస్తే పటం మీద చుట్టలు చుట్టుకున్న దారి కనిపించింది. 1848లో ప్రచురించిన ‘ద సెయిలర్స్ హార్న్‌బుక్ ఫర్ ద లా ఆఫ్ స్టార్మ్స్’ గ్రంథంలో పిడింగ్టన్ ఇటువంటి గాలివానలకు, పాము చుట్టను స్ఫురింపజేసే గ్రీకు మాట ఆధారంగా, సైక్లోన్ అని పేరు పెట్టాడు. పటం మీద పరిచి తుపాను కేంద్రం ఎటు ఉందో పోల్చుకోవడానికి వీలుగా, కొమ్ముతో చేసిన పారదర్శకమైన రెండు చక్రాలను ఆ పుస్తకంతోపాటు ఇచ్చాడు. ప్రపంచమంతా వాడే ఆ మాట పుట్టుకకు ముడిసరుకు, అలలకు తడుస్తూ ఎవరో నావికులు విడవకుండా గంటగంటకూ రాసిన ముడుల, గాలుల లెక్క అన్న సంగతిని కోరంగి వారసులు తప్పక తెలుసుకోవలసి ఉంది.

పేరుగా ఉన్న ‘లాగ్’ ఆంగ్లంలో క్రియగా మారి, పుస్తకంలో ఎక్కించడం అనే అర్థంలో స్థిరపడడం పంతొమ్మిదో శతాబ్దంలో జరిగింది. వర్తక నౌకలలో ఈ క్రియకు కఠినమైన అర్థం కూడా ఉండేది: ఒక నావికుణ్ణి ‘లాగ్ చేశారు’ అంటే అతని తప్పునూ జరిమానానూ పుస్తకంలో రాశారని అర్థం. 1850లో బ్రిటన్ చేసిన చట్టం వర్తక నౌకలకు అధికారిక లాగ్ పుస్తకాన్ని తప్పనిసరి చేసింది. భారతదేశపు 1958 నాటి వర్తక నౌకల చట్టం కూడా ఆ నియమాన్ని కొనసాగించింది. ఇంతలో కొయ్య మాయమైంది. ఎడ్వర్డ్ మాసీ 1802లో హక్కులు పొందిన తిరుగుడు యంత్రమూ, థామస్ వాకర్ 1878లో తెచ్చిన యంత్రమూ దాని పనిని తీసుకున్నాయి. పేరు మాత్రం విమాన చోదకుల గంటల లెక్కకు, వైర్‌లెస్ కేంద్రాలకు, కర్మాగారాలకు పాకింది. తెలుగునాట ప్రభుత్వ జీపుల డ్రైవర్లు ప్రయాణపు కిలోమీటర్లను రాసి అధికారి సంతకం తీసుకునే పుస్తకాన్నీ, విద్యుత్ సబ్‌స్టేషన్లలో గంటగంటకూ లోడు రాసే పుస్తకాన్నీ లాగ్‌బుక్కు అనే పిలిచారు. కాబట్టి కంప్యూటరు రాకముందే ఈ మాట తెలుగు ఉద్యోగులకు పరిచయమైనదే.

కంప్యూటర్ల గదుల్లోనూ మొదట ఉన్నది కాగితపు లాగ్ పుస్తకమే. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మార్క్ 2 యంత్రం దగ్గర 1947 సెప్టెంబరు 9న ఒక రిలేలో ఇరుక్కుని దొరికిన చిమ్మటను పనివాళ్లు లాగ్ పుస్తకపు పుటకే టేపుతో అతికించి, వేళ వేసి రాశారు. ఆ పుట ఇప్పుడు వాషింగ్టన్‌లోని అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. మనిషి చేతిరాతతో నడిచిన ఈ పద్దును యంత్రమే రాసుకోవలసిన అవసరం, ఒకే యంత్రాన్ని ఒకేసారి పలువురు పంచుకోవడం మొదలయ్యాక ఏర్పడింది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ, అంటే ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో నాయకత్వాన తయారై, 1961 నవంబరులో ఐబీఎం 709 మీద ప్రదర్శితమైన సీటీఎస్ఎస్ అనే వ్యవస్థ ఇటువంటి వాటిలో అగ్రగామి. అంతకుముందు రంధ్రాలు వేసిన కార్డుల కట్టను అప్పగించి ఫలితం కోసం గంటల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. ఇప్పుడు ఎవరి టైపు యంత్రం ముందు వారు కూర్చుని, యంత్రపు కాలాన్ని చిన్నచిన్న ముక్కలుగా పంచుకోగలిగారు.

కాలాన్ని పంచుకున్నప్పుడు ఎవరి వాటా ఎంతో రాయకపోతే పంపకం నిలవదు. అందుకే ఆ వ్యవస్థలో పని మొదలుపెట్టేవారు ‘లాగిన్’ అనే ఆదేశంతోపాటు తమ పని సంఖ్యనూ పేరునూ టైపు చేసి, ఆపైన సంకేతపదం ఇవ్వవలసి వచ్చేది. ‘లాగౌట్’ అని ముగించినప్పుడు, వాడుకున్న యంత్రకాలం ఎంతో అచ్చయి వచ్చేది. సంకేతపదం అక్కడ కాపలా కాసినది రహస్యాలను మాత్రమే కాదు, ఎవరికి కేటాయించిన కాలాన్ని వారి ఖాతాలోనే ఖర్చు రాయాలన్న న్యాయాన్ని కూడా. 1962లో అలన్ షేర్ అనే పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన వారానికి నాలుగు గంటలు చాలక, సంకేతపదాల జాబితాను అచ్చు వేయించుకుని ఇతరుల ఖాతాల్లో పని చేసుకున్నట్టు దశాబ్దాల తరువాత స్వయంగా వెల్లడించాడు. కంప్యూటరు చరిత్రలో సంకేతపదాల దొంగతనానికి తొలి ఉదాహరణల్లో ఒకటైన ఆ పనిలో దొంగిలించినది రహస్యాన్ని కాదు, పద్దులోని కాలాన్ని.

ఏడేళ్ల తరువాత ఇదే మాట మరో ప్రారంభానికి కారణమైంది. 1969 అక్టోబరు 29 రాత్రి, లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లెనార్డ్ క్లైన్‌రాక్ ప్రయోగశాల నుంచి విద్యార్థి చార్లీ క్లైన్, సుమారు 350 మైళ్ల అవతల స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో బిల్ డువాల్ చూస్తున్న యంత్రంలోకి ఆర్పానెట్ అనే కొత్త తీగల వల ద్వారా లాగిన్ కావడానికి ప్రయత్నించాడు. ఇద్దరూ పక్కనే టెలిఫోనులో మాట్లాడుకుంటున్నారు. ‘ఎల్’ చేరింది, ‘ఓ’ చేరింది, ‘జి’ దగ్గర అవతలి యంత్రం కుప్పకూలింది. సుమారు గంట తరువాత చేసిన ప్రయత్నం ఫలించింది. నేటి ఇంటర్నెట్‌కు మూలమైన ఆ వలలో ప్రయాణించిన తొలి సందేశం ఈ విధంగా లాగిన్ అనే మాటలోని మొదటి రెండక్షరాలైంది. ఇది జరిగిందనడానికి సాక్ష్యం ఏ యంత్రంలోనూ లేదు. ఆ ప్రయోగశాలలో ఉంచిన కాగితపు లాగ్ పుస్తకంలో, తేదీ వేసి, 22:30 అని వేళ వేసి, ఆ రాత్రి పని చేసినవారు పెన్నుతో రాసిన ఒక్క వాక్యమే సాక్ష్యం. లాగ్‌బోర్డు మీద సుద్దతో గంటా దిక్కూ రాసిన పాత నావికుడు ఆ పుటను చూస్తే దాని అమరికను వెంటనే గుర్తుపట్టేవాడు.

అక్కడి నుంచి ఈ క్రియ చుట్టూ ఒక చిన్న కుటుంబం ఏర్పడింది. బయటికి అన్న అర్థాన్నిచ్చే మాట చేరి ‘లాగౌట్’, తెగిపోవడాన్ని సూచించే మాట చేరి ‘లాగాఫ్’, మీద అన్న అర్థమిచ్చే మాట చేరి ‘లాగాన్’ వచ్చాయి. వీటి మధ్య అర్థభేదం స్వల్పం, ఏ సంస్థ యంత్రాలు ఏ మాట వాడాయన్నదే ప్రధానం. ఆంగ్లంలో విడిగా రాస్తే క్రియ, కలిపి రాస్తే నామం అనే నియమం కూడా స్థిరపడింది. సత్రాలలో, కార్యాలయాలలో రిజిస్టరులో సంతకం పెట్టే అలవాటు నుంచి వచ్చిన ‘సైనిన్’ ఇటీవల దీనికి పోటీగా నిలిచింది. అదీ పుస్తకానికి చెందిన మాటే కావడం గమనించదగినది. 1997లో జార్న్ బార్జర్ వెబ్‌లాగ్ అని పేరు పెట్టిన రాతపద్ధతి, 1999లో పీటర్ మెర్‌హోల్జ్ విరుపుతో బ్లాగ్‌గా కుదించుకుపోయి, తెలుగులో ఉకారం చేర్చుకుని ‘బ్లాగు’ అనే అచ్చమైన తెలుగు ముగింపు పొందింది.

లాగిన్‌కు మాత్రం ఆ ఉకారం దక్కలేదు. ఆంగ్లంలో రెండుగా ఉన్న మాట తెలుగులో విడదీయరాని ఒకే మాటగా వచ్చి, ‘లాగిన్ అయ్యాడు’, ‘లాగిన్ చేయించాడు’ అని ఎవరికి వారు చేసుకోవడాన్నీ, ఒకరి చేత చేయించడాన్నీ తెలుగు క్రియల చేత చెప్పించుకుంటోంది. తెలుగు వికీపీడియాలో కనిపించే ‘లాగినవండి’ అనే రూపం ఈ కలయికకు మంచి ఉదాహరణ. నకారం మీద ‘అవండి’లోని అకారం చేరి, తెలుగు సంధికి లోబడిన మాట అది. లాగు అనే దేశ్య క్రియకు విశేషణ రూపమైన ‘లాగిన’తో దీనికి పోలిక కుదరడం కేవలం యాదృచ్ఛికమే అయినా, ఓడ వెనుక నీటిలోంచి తాడును మళ్లీ మళ్లీ లాగిన చేతుల చరిత్ర తెలిసినవారికి ఆ యాదృచ్ఛికత మనసుకు పట్టే విషయమే.

అనువాదకులు దీనికి ‘ప్రవేశించు’ అన్నప్పుడు పని తెలుస్తుంది, పద్దు మరుగున పడుతుంది. తెలుగులో ఆ పద్దును చెప్పగల మాటలకు కొదవ లేదు: పేరు ఎక్కించడం, హాజరు వేయించుకోవడం, నమోదు కావడం అన్నవి కచేరీల్లో, బడుల్లో, పొలం పనుల మస్టర్లలో తరతరాలుగా నలిగినవే. వాటిలో ఏది వాడినా, వచ్చినవాడు ఎవరన్నదీ ఎప్పుడన్నదీ రాయకుండా పని మొదలుకాదన్న భావం నిలుస్తుంది. లాగిన్ అనే మాటను మార్చవలసిన అవసరం ఇప్పుడు లేదు గాని, దానికి నిఘంటువుల్లో ఇచ్చే అర్థాన్ని ఈ మేరకు సరిదిద్దవలసిన అవసరం ఉంది. బ్యాంకు ఖాతాను ఫోనులో తెరిచినవారికి చాలా బ్యాంకులు పైభాగాన ఒక చిన్న వరుస చూపిస్తాయి: కిందటిసారి లాగిన్ అయిన తేదీ, గంట, నిమిషం. ఆ వేళకు తాను ఖాతా తెరవలేదని ఖాతాదారుకు గుర్తొస్తే, వెంటనే బ్యాంకుకు తెలియజేయడానికి ఆధారమయ్యేది ఆ ఒక్క వరుసే.